ఒర్రెలో వెచ్చని నీళ్లు

రామగుండం ఎండల గురించి లోకమంతా చెప్పుకుంటుంది. అక్కడి మాఘమాసపు చలి గురించి మాత్రం ఎవరూ ఒక్క మాట అనరు. నమ్మనివాళ్లు ఒక్కసారి ఆ వేళకు తుమ్మలపల్లెకు పోయి, తెల్లవారక ముందే చన్నీళ్లలో చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. అలాంటి ఒక పొద్దున సారవ్వ అంట్ల గిన్నెల తట్ట చంకన పెట్టుకుని ఇంటి వెనక ఒర్రెకు దిగింది. ఒర్రె అంటే పెద్ద వాగేమీ కాదు. వానాకాలం నాలుగు నెలలు పారి, ఆ తర్వాత అక్కడొక మడుగు, ఇక్కడొక మడుగుగా మిగిలిపోయే చిన్న పాయ. చలికి పళ్లు బిగబట్టి మడుగులో చెయ్యి పెట్టిన సారవ్వ చటుక్కున వెనక్కి తీసుకుంది. నీళ్లు వెచ్చగా ఉన్నాయి. తలెత్తి చూస్తే ఒర్రె పొడుగునా ఆవిరి లేస్తోంది. ఎండిన పాయలో నీళ్లు పారుతున్నాయి.

"ఓ ఇగో, ఇంటున్నవా? జల్ది రా. ఒర్రెల బాయి నీళ్లు వస్తున్నయ్" అని కేకేసింది.

దుప్పటి ముసుగు పెట్టి పడుకున్న ఆమె భర్త ముత్యం లేచిన తీరు చూస్తే అరవై దాటిన మనిషని ఎవరూ అనరు. చెప్పులు కూడా తొడుక్కోలేదు. గట్టు దిగి, నీళ్ల అంచున నిలబడి, ఆ ఆవిరిని చూశాడు. కళ్లు తడిశాయి.

ఎందుకంటారా? చెబుతాను. ఆ వైపు బొగ్గుగనిని బాయి అంటారు. ఊరికి ఎగువన, గుట్ట పక్కన తుమ్మలపల్లె బాయి ఉండేది. ముత్యం సర్వీసంతా అందులో పంపు నడిపాడు. భూమి లోపల ఊరే నీటిని ఎప్పటికప్పుడు పైకి తోడిపోయకపోతే గని మునిగిపోతుంది. బొగ్గు కొట్టేవాడికి ఎంత పేరున్నా, నీళ్లు తోడేవాడు లేకపోతే ఆ పేరూ మునిగేదే. లోపలి నుంచి వచ్చే ఆ నీళ్లు చలికాలంలో వెచ్చగా, ఎండాకాలంలో చల్లగా ఉండేవి. బాయి పైన ఒక పెద్ద గుంతలో నిలబడి, బొగ్గు దుమ్మంతా అడుక్కు దిగాక, కాలువ గుండా ఒర్రెలో కలిసేవి. షిఫ్టు దిగిన వాళ్లంతా ఆ కాలువ గట్టునే సబ్బు పట్టుకుని కూర్చునేవారు. నల్లగా దిగిన మనుషులు తెల్లగా లేచేవారు. కింద ఆడవాళ్లు బట్టలు ఉతికేవారు, ఇంకా కింద బర్రెలు పండుకునేవి, ఆ కింద వరి మళ్లు పారేవి. సారవ్వ కొత్త పెళ్లికూతురిగా ఆ ఊరికి వచ్చినప్పుడు ముందుగా ఆశ్చర్యపోయింది ఆ నీళ్లను చూసే. మా అత్తగారింట్లో పొయ్యి అంటించకుండానే వేణ్ణీళ్లు వస్తాయని పుట్టింట్లో చెప్పుకుని మురిసిపోయింది.

ఆ కాలువ దగ్గర ఒక ఆనవాయితీ ఉండేది. ఎప్పుడో ఒక పంపు మనిషి అజాగ్రత్తగా నూనె కలిసిన నీళ్లు వదిలితే షిఫ్టు దిగిన వాళ్లందరికీ ఒళ్లంతా దురద పెట్టిందట. అప్పుడు షిఫ్టు పనులు చూసే లింగమూర్తి అనే పాత ఓవర్‌మెన్ అందరి ముందూ ఒక మాట అన్నాడు: "నీళ్లు ఇడిచినోడే ముందుగాల మొఖం కడగాలె." ఆ రోజు నుంచి ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా సరే, పంపు మనిషి కాలువకు దిగి, నలుగురూ చూస్తుండగా ముఖం కడుక్కున్నాకే మిగతావాళ్లు దిగేవారు. ముత్యం అలా ముఖం కడుక్కుంటూనే ముసలివాడయ్యాడు. ఆ కాలంలో అతనికి అంతకన్నా గొప్ప మర్యాద ఇంకోటి లేదు.

తర్వాత బాయి మూతపడింది. బొగ్గు అయిపోయిందన్నారు. పంపులు విప్పుకుని పోయారు. సైరన్ మూగబోయింది, ఒర్రె ఎండింది. పదవీ విరమణ చేసిన ముత్యం ఎండిన ఒర్రె గట్టున ఇల్లు కట్టుకుని, అప్పుడప్పుడూ పొద్దున్నే లేచి ఆ ఇసుక వైపు చూస్తూ కూర్చునేవాడు. ఇలాంటి మనిషికి ఒక చలి పొద్దున ఒర్రెలో వెచ్చని నీళ్లు కనబడితే ఏమవుతుందో మీరే ఊహించండి.

"బాయి తెరుస్తున్నరే సారా" అన్నాడు చివరికి. "మూతవడ్డ బాయిలు మల్ల తెరుస్తరని పక్క బాయి గేటు కాడ అనుకుంటనే ఉన్నరు గద. ముందుగాల నీళ్లు తోడాలె. పంపు వెట్టిండ్రు."

అలవాటు కొద్దీ వంగి, దోసిలి నిండా నీళ్లు తీసుకుని, ముఖం కడుక్కున్నాడు. నురుగు తేలుతున్న ఆ నీళ్లు కొంచెం జిగటగా తగిలాయి. పులిసిన జొన్న గట్క వాసన లాంటిది ముక్కుకు తగిలింది. తగిలినా పట్టించుకోలేదు.

ఆ వెంటనే చాంద్ పాషా ఇంటికి ఉరికాడు. చాంద్ పాషా అతనికి బాయి దోస్తు. లోపల బొగ్గు తొట్లు లాగే యంత్రం నడిపేవాడు. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, ఒకే టిఫిన్ డబ్బా. బాయి బందయ్యాక పాషా ఊరి కింది కుంటను పంచాయతీ దగ్గర కౌలుకు తీసుకుని చేపలు పెంచుతున్నాడు. అతనికీ, అతని భార్య నుస్రత్ బేగంకూ ఆ కుంటే కొడుకూ, కూతురూ, పించనూ అన్నీ. ఆ ఏడు వానలు సరిగా లేవు. కుంటలో నీళ్లు మోకాటి లోతుకు దిగాయి. ఎండలు ముదిరేలోగా నీళ్లు రాకపోతే చేపలు పెరగవని అతను అప్పటికే దిగులు పడుతున్నాడు.

పాషా వచ్చి ఒర్రెను చూశాడు. అతని ముఖమూ వెలిగింది. పాత రోజుల్లో మొదటి షిఫ్టు దిగి, ఈ నీళ్లతోనే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కునేవాడు. వజూ అంటారు దాన్ని. ఇప్పుడూ మడమల మీద కూర్చుని, చొక్కా చేతులు పైకి మడుచుకుని, దోసిట్లోకి నీళ్లు తీసుకున్నాడు. ముక్కు దగ్గరకు తెచ్చుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, నీళ్లు కింద పారబోశాడు.

"ఏందన్న?" అన్నాడు ముత్యం.

"వాసన మారింది భాయ్. రంగు, రుచి, వాసన. మూడిట్ల ఒక్కటి మారినా గా నీళ్లతోటి వజూ కాదు. చిన్నప్పుడు మా అబ్బా నేర్పిండు."

ఆ మాట అక్కడ ఆగి వింటే ఈ కథే ఉండేది కాదు. కానీ ముత్యం బాయి మనిషి. బాయి మనిషి దగ్గర ప్రతి వాసనకూ ఒక జవాబుంటుంది. "ఎన్నేండ్ల సంది లోపల నీళ్లు నిలవడ్డయ్, ఎరికేనా? కప్పుకు ఆనిచ్చిన దుంగలన్ని మురిగిపోయినయ్. గదే వాసన. నురుగు గూడ గందుకే. పది దినాలు తోడితె అంత సాఫ్ అయితది. పంపు కాడ పుట్టి పంపు కాడ పెరిగినోన్ని, నాకు చెప్తవా నువ్వు?" అన్నాడు.

ఆ మాటలో తప్పేమీ లేదు, చెప్పినదంతా నిజమే. మునిగిన గనిలో కలప కుళ్లితే అలాంటి వాసనే వస్తుంది. అవి గని నీళ్లు కాకపోవడం ఒక్కటే అందులోని లోపం. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. బాయి మీద బెంగ పెట్టుకున్న వాడికి ఎక్కడ ఆవిరి లేచినా బాయే కనిపించింది.

"కుంటకు కాలువ తియ్యన్న. బాయి నీళ్లు తాగి మన చేపలు పందుల తీర్గ బలుస్తయ్" అన్నాడు.

పాషా కాసేపు నీళ్ల వైపూ, కాసేపు దోస్తు ముఖం వైపూ చూశాడు. నీళ్ల సంగతిలో ముత్యం మాటను అతను ఏనాడూ కాదనలేదు. లోపల నీళ్లు పెరుగుతున్నాయి, పైకి నడవమని ఒకసారి ముత్యం చెబితే, చేతిలో పని వదిలి నడిచాడు. నడిచాడు కాబట్టే బతికాడు. అలాంటి మాట మీద ఇంకో మాట ఏముంటుంది? ఇంటికి పోయి గడ్డపార తెచ్చాడు. ఇద్దరూ కలిసి గట్టు కొట్టి, ఒర్రె నీళ్లను కుంటలోకి మళ్లించారు.

ఊళ్లో పండుగ వాతావరణం వచ్చింది. సర్పంచ్ వీరేందర్ ఒర్రె గట్టున కొబ్బరికాయ కొట్టాడు. బాయి తెరిస్తే మా పిల్లలకు డ్యూటీలు దొరుకుతాయని ముసలివాళ్లు లెక్కలు వేసుకున్నారు. గుట్ట దాకా పోయి ఒక్కసారి కళ్లారా చూసి వస్తే ఏం పోయింది అని మీరు అడగవచ్చు. సారవ్వ కూడా అదే అడిగింది. "రేపు పోత తియ్" అంటూ ముత్యం దాటవేశాడు. పోతే లేదని తెలుస్తుందేమోనని లోలోపల భయం. ఆశపడిన వాడు ఆరా తీయడు. ముఖం మీద ఎర్రగా దద్దుర్లు లేస్తే చలికి పగిలిందని కొబ్బరినూనె రాసుకున్నాడు.

కొన్నాళ్లకు ఒక పొద్దున నుస్రత్ బేగం ముత్యం వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఎప్పుడూ సారవ్వను పలకరించి, చాయ్ తాగనిదే కదలని మనిషి. ఆ రోజు గడప దగ్గరే ఆగిపోయింది.

"అన్నా, ఒకసారి కుంట కాడికి రా. ఆయన గట్టు మీద కూసున్నడు. పిలిస్తె పలుకుతలేడు."

ముత్యం పోయి చూశాడు. కుంట మీద తెల్లటి దుప్పటి పరిచినట్టు చేపలు తేలి ఉన్నాయి. బొచ్చెలూ, రవ్వులూ నోళ్లు తెరుచుకుని, కడుపులు పైకి పెట్టి తేలుతున్నాయి. కొన ఊపిరితో ఉన్నవి ఇంకా అంచుకు వచ్చి, నీటి పైకి మూతులు చాపి గుటకలు వేస్తున్నాయి. పైకి వచ్చి గాలి పీల్చే కొర్రమీను ఒక్కటే అక్కడక్కడా కదులుతోంది. నీళ్లు నల్లబడ్డాయి. గట్టు మీద పాషా మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు.

ముత్యం వచ్చి అతని పక్కన కూలబడ్డాడు. తిట్టినా బాగుండు అనిపించింది. పాషా తిట్టలేదు.

"నువ్వు గూడ మొఖం కడుక్కున్నవ్ గద భాయ్" అన్నాడు. "నీకు తెలిసి చేసింది కాదు."

ఆ ఓదార్పు ముత్యానికి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. లేచాడు. ఇంటికి పోలేదు. ఒర్రె పట్టుకుని ఎగువకు నడిచాడు.

బాయి దగ్గరకు పోయేసరికి ఎండ పడింది. లోపలికి దిగే దారికి కట్టిన గోడ అలాగే ఉంది. గోడ మీద వేప మొక్క మొలిచింది. పంపు ఉండే రేకుల షెడ్డు లేదు, దాని పునాది మాత్రం ఉంది. నీళ్లు నిలబెట్టిన గుంత నిండా సర్కారు తుమ్మ. మనుషులు వరుసగా కూర్చుని నవ్వుకుంటూ ఒకరి వీపు ఒకరు రుద్దిన కాలువ గట్టున ఒక మేక నిలబడి అతన్ని చూసింది. చెవి ఒగ్గి విన్నాడు. ఏ పంపూ మోగలేదు. అప్పుడు ఏడ్చాడు ముత్యం. బాయి మూతపడ్డ రోజు కూడా అందరి మధ్యా నవ్వుతూ తిరిగిన మనిషి, ఆ ఖాళీ కాలువ దగ్గర తనివితీరా ఏడ్చాడు. చేపల కోసమో, బాయి కోసమో అతనికే తెలియలేదు.

కళ్లు తుడుచుకుని మళ్లీ ఒర్రె వెంట నడిచాడు. గుట్ట మలుపు తిరిగితే బీరు ఫ్యాక్టరీ గోడ. కొన్నేళ్ల కింద వచ్చిన ఫ్యాక్టరీ అది. ఊరి పిల్లలు చాలామంది అందులోనే సీసాల లైను మీద పనిచేస్తున్నారు. గోడ కింద వాన నీళ్ల కోసం పెట్టిన పెద్ద గొట్టంలో నుంచి గోధుమరంగు నీళ్లు ఆవిరి కక్కుతూ ఒర్రెలో పడుతున్నాయి. అక్కడ ఒక అమ్మాయి, తలకు హెల్మెట్ పెట్టుకుని, సీసాలో ఆ నీళ్లు పడుతోంది. ఆమె పేరు జమున. ఫ్యాక్టరీలో వాడిన నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు ఆమె బాధ్యత.

"బాయిల పంపు నడిపినోన్ని, బాయి నీళ్లనుకున్న. ఏం నీళ్లు బిడ్డా ఇవి?" అని అడిగాడు.

ఆమె అతని ముఖం మీది దద్దుర్లు చూసింది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఇవి ఒర్రెల పడేటియి కాదు కాకా" అంది. "మాది రామకృష్ణాపూర్. మా నాయిన గూడ బాయి పనే చేసిండు. కూసో, చెప్త."

బీరు కాచిన పాత్రలూ, సీసాలూ కడిగిన నీళ్లలో గింజల పిండీ, తీపీ, ఈస్టూ కలిసి వస్తాయని చెప్పింది. అది విషమని కాదు, నీటికి మితిమీరిన తిండి. ఒర్రెలో పడితే కంటికి కనబడని సూక్ష్మజీవులు ఎగబడి తింటాయి. తింటూ తింటూ నీటిలో ఉన్న ప్రాణవాయువు మొత్తం వాడేస్తాయి. చేపలకు ఊపిరి మిగలదు.

"గందుకే ఆ జీవులను మేమే ఒక మూసిన ట్యాంకుల పెంచుతం. తినేదంత అండ్లనే తింటయ్. గ్యాస్ వస్తది, దాన్ని బాయిలర్ల కాలవెడ్తం. తరువాత నీళ్లకు గాలి కొట్టి, తేర్చి, తోటకు పారవెడ్తం. ఇన్నేండ్లు గట్లనే నడిచింది."

"గ్యాసా" అన్నాడు ముత్యం, అంత దుఃఖంలోనూ. "బాయిల గ్యాస్ అంటె మాకు పానాలు పోయేటియి. మీరు పొయ్యిల వెట్టుకుంటున్నరా?"

జమున నవ్వబోయి ఆగింది. "ఇప్పుడు గా జీవులే సచ్చిపోయినయ్ కాకా. ఎండకాలం వస్తుందని ఎక్కువ సరుకు తియ్యబట్టిరి. సీసాలు కడిగిన కాస్టిక్ సోడా నీళ్లు కొంచెం కొంచెం పంపాలె. ఒక్కసారే ఇడిచిండ్రు. ట్యాంకు ఆగింది. మల్ల పెంచాల్నంటె ఉత్పత్తి తగ్గించాలె అని చెప్పిన. సీజన్ అయ్యేదాక ఓపిక పట్టుమన్నరు. అప్పటిదాక ఇగో, ఈ గొట్టం." చేతిలోని సీసా ఎత్తి చూపుతూ, "నేను రోజు నమూనా పడుతున్న. చూపిస్తున్న. చూస్తున్నరు" అంది.

ముత్యం తెచ్చిన కబురుతో మరునాడు పంచాయతీ ముందు ఊరు కూడింది. సర్పంచ్ పిలిస్తే ఫ్యాక్టరీ మేనేజరు జమునను వెంటబెట్టుకుని వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. మర్యాదగా మాట్లాడాడు. చేపల నష్టానికి పరిహారం ఇస్తామన్నాడు. వాన పడితే అన్నీ కొట్టుకుపోతాయన్నాడు. ఊళ్లో ఎవరూ నోరు విప్పలేదు. ప్రతి ఇంటి నుంచీ ఒకరు ఆ ఫ్యాక్టరీలో ఉన్నారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అందరికీ తెలుసు. సర్పంచ్ వీరేందర్ ముత్యాన్ని పక్కకు పిలిచి, "కాకా, ఎక్కువ గుంజకు. ఫ్యాక్టరీ బందైతె మన పోరగాండ్లు ఎటు పోవాలె?" అన్నాడు.

మేనేజరు పరిహారం మాట మళ్లీ ఎత్తాడు. పాషా లేచి నిలబడ్డాడు. "పైసలు ఇస్తె తీసుకుంట సాబ్. నేనేం అన్ని ఇడిచిన పీరును కాదు. కాని పైసలల్ల చేపలు ఈదయ్. నా నీళ్లు నాకు ఇయ్యుండ్రి" అని కూర్చున్నాడు.

అప్పుడు ముత్యం లేచాడు. సభల్లో మాట్లాడిన మనిషి కాదు. మొదట తన ఊరివాళ్ల వైపే తిరిగాడు.

"బంద్ చెయ్యుమని నేను అంటలేను వీరేందర్. బాయి బందైతె ఊరు ఎట్లైతదో నాకు ఎర్కలేదా? సైరన్ బందైన సంది నాకు సక్కగ నిద్ర లేదు. పని నడవాలె. మన పోరగాండ్లు డ్యూటీకి పోవాలె. బీరు తాగేది గూడ మనోళ్లే. తిలాపాపం తలా పిడికెడు. అండ్ల నా పిడికెడు పెద్దది. వద్దన్న దోస్తుతోని నేనే గట్టు కొట్టిచ్చిన."

తర్వాత మేనేజరు వైపు తిరిగాడు.

"సార్, మా బాయి కాడ ఒక మాట ఉండె. నీళ్లు ఇడిచినోడే ముందుగాల మొఖం కడగాలె. నేను నా సర్వీసంత గట్లనే కడిగిన. మొన్న గూడ కడిగిన. కాని మొన్న ఇడిచినోడు ఒకడు, కడిగినోన్ని నేను. చూడుండ్రి నా మొఖం. మేం బొగ్గు తవ్వినోళ్లం, మాకేం సదువు లేదు. అయినా బొగ్గు దుమ్ము కిందికి దిగినంకనే నీళ్లు ఇడిచినం. మిమ్ముల గీ నీళ్లల్ల మొఖం కడుగుమని నేను అడుగ. అడిగితె మర్యాద కాదు. కడుక్కునే తీరుగ ఎప్పుడు ఇడుస్తరో, గది చెప్పుండ్రి, సాలు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మేనేజరు జమునను పిలిచి, "ట్యాంకు మళ్లీ నిలబెట్టాలంటే ఏం కావాలి?" అని అడిగాడు. ఆమె లేచింది. ఉత్పత్తి తగ్గించాలి, గొట్టం మూయాలి, ఇంకా, అని కొంచెం సందేహించి, "పేడ కావాలె సార్. పచ్చి పేడ. ఆ జీవులు అండ్లనే ఉంటయ్" అంది.

ఊరు మొత్తం ఒక్కసారి నవ్వింది. అప్పటిదాకా బిగుసుకుపోయిన సభ ఆ నవ్వుతో కదిలింది. గొట్టం ఆ సాయంత్రమే మూసేశారు. సీజన్ ఆర్డర్లు కొన్ని పోయాయి, పోతే పోయాయి. ఎవరి డ్యూటీ మాత్రం పోలేదు. లైను మీద పని తగ్గిన పిల్లలను ట్యాంకు శుభ్రం చేసే పనికి పెట్టారు. మరునాటి నుంచి తుమ్మలపల్లె ఆడవాళ్లు కొట్టాల్లోని పేడ తట్టలకెత్తి ఫ్యాక్టరీ ట్రాక్టర్‌లో వేశారు. సారవ్వ అందరికన్నా ముందు. "ఊరంత పేడతోని వాకిళ్లు అలుకుతరు. మేం బీరు ఫ్యాక్టరీ కడుపు అలుకుతున్నం" అని ఆమె అంటే ఫ్యాక్టరీ వాచ్‌మెన్ కూడా నవ్వాపుకోలేకపోయాడు.

మూసిన ట్యాంకులో ప్రాణం పోసుకోవడం ఒక్కరోజు పని కాదు. పసిపిల్లకు పాలు పట్టినట్టు, జమున దానికి కొద్దికొద్దిగా నీళ్లు పట్టింది. ఎండలు వచ్చాయి, రామగుండం నిప్పులు చెరిగింది, ఒర్రె ఎండిపోయింది. వానలు వచ్చి కుంటలోని చెడు నీళ్లను కడుక్కుపోయాయి. పాషా కుంట ఖాళీగానే ఉంచాడు. ముత్యం అతని ఇంటికి పోవడం మానలేదు గానీ, ఇదివరకటిలా గట్టిగా మాట్లాడటం మానేశాడు. నీళ్ల మాట అసలే ఎత్తలేదు. నుస్రత్ బేగం చాయ్ ఇచ్చేది, ఇద్దరూ తాగి ఊరుకునేవారు. నీళ్ల విషయంలో నా మాటకు ఇక విలువ లేదని ముత్యం మనసులో ముల్లు. ఆ ముల్లు ఎవరూ తీయలేరని అతని నమ్మకం.

మళ్లీ చలికాలం వచ్చింది. ఊరు అడిగిన మీదట, శుద్ధి చేసిన నీటిని తోటకే కాకుండా ఒర్రెకు కూడా వదలడానికి ఫ్యాక్టరీవాళ్లు అనుమతులు తెచ్చుకున్నారు. మొదటిసారి వదిలే పొద్దున ఊరు ఫ్యాక్టరీ దగ్గరి ఒర్రె గట్టు మీద నిలబడింది. వాన నీళ్ల గొట్టం అక్కడ లేదు. దాని చోట తేరిన నీటి గుంత, గుంత నుంచి ఒక కాలువ. ఆ కాలువను ముత్యం తేరిపార చూశాడు. అచ్చం తన బాయి కాలువే.

నీళ్లు వచ్చాయి. ఆ చలిలో వాటి మీద పల్చటి ఆవిరి లేచింది. ఈసారి ముత్యం ఉరకలేదు. చేతులు కట్టుకుని వెనకాల నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే జమున హెల్మెట్ తీసి పక్కన పెట్టి, చున్నీ నడుముకు చుట్టుకుని, కాలువకు దిగింది. నలుగురూ చూస్తుండగా దోసిలి నిండా నీళ్లు తీసుకుని ముఖం కడుక్కుంది. తుడుచుకోకుండానే తలెత్తి ముత్యం వైపు చూసింది.

ఆ తర్వాత గట్టు మీద నుంచి చాంద్ పాషా కదిలాడు. మసీదులో పెద్దాయనను ముందు రోజే అడిగి వచ్చాడు. బీరు ఫ్యాక్టరీ నుంచి వచ్చినా, నీళ్లు మళ్లీ నీళ్లుగా మారి పారితే తప్పు లేదని ఆయన చెప్పాడు. నీళ్లు మారాయో లేదో చూసుకోవడం నీ పని అన్నాడు. పాషా మడమల మీద కూర్చున్నాడు. దోసిట్లో నీళ్లు వెలుగుకు పట్టి రంగు చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చుక్క నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు. వెనక్కి తిరిగి వెతికాడు.

"ముత్యం భాయ్, గాడ దాక్కున్నవేంది? ఇటు రా. నీళ్లు ఎట్లున్నయో నువ్వు చెప్పు."

ముత్యం దిగి వచ్చాడు. వంగాడు. ఈసారి వాసన చూశాడు, వేళ్ల మధ్య రుద్ది జిగట చూశాడు, తొందరపడలేదు. బాయి వాసన లేదు. ఎంత వెతికినా లేదు. బాయి ఇక రాదు. అది కూడా ఆ దోసిట్లోనే తెలిసిపోయింది.

"బాయి నీళ్లు కావన్న" అన్నాడు. "వట్టి నీళ్లు. మంచి నీళ్లు."

పాషా తలూపాడు. చేతులు మణికట్ల దాకా, నోరు, ముక్కు, ముఖం, మోచేతుల దాకా చేతులు, తల, కాళ్లు, ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా కడుక్కున్నాడు. లేచి కండువాతో తుడుచుకుంటూ, "రేపు గడ్డపార పట్టుకొని రా భాయ్. కుంటకు కాలువ తియ్యాలె" అన్నాడు. ముత్యం కన్నా ముందు, పక్కన నిలబడ్డ సారవ్వే, "తెస్తడన్న, నేను పంపిస్త" అంది.

ఇదీ సంగతి. బొగ్గు తీసినా, బీరు కాచినా, ఇంట్లో అంట్లే తోముకున్నా, మన దగ్గరి నుంచి పోయే ప్రతి నీటి బొట్టూ కింద ఉన్న ఎవరి దోసిట్లోకో పోతుంది. తుమ్మలపల్లె బాయి మూతపడింది, దాని సైరన్ మూగబోయింది. దాని కాలువ గట్టున పుట్టిన ఆ ఒక్క మాట మాత్రం మూతపడకూడదు: నీళ్లు వదిలినవాడే ముందుగా ముఖం కడుక్కోవాలి.